ఆకుపచ్చ గుండె

రెండు రోజుల వర్క్‌షాపుకి వెళ్ళి వచ్చిన దగ్గర్నుంచి కోచ్ మనుషుల మొహాలు చూడడం మానేశాడు.

అంతకుముందు ఆయన పద్ధతే వేరు. పొద్దున్నే స్టేడియం గేటు దగ్గర నిలబడి, లోపలికొచ్చే ఒక్కొక్కరినీ ఎగాదిగా చూసి, "ఏమ్మా, రాత్రి నిద్రపోలేదా? ఇవాళ నడక చాలు నీకు" అనో, "ఏంట్రా ఆ కుంటడం? బూటు విప్పు" అనో అరిచేవాడు. నోరు చెడ్డదే గానీ కన్ను మంచిది. వర్క్‌షాపు నుంచి వస్తూ వస్తూ ఆయన ఒక అట్టపెట్టె నిండా నల్లటి పట్టీలు తెచ్చాడు. ఛాతీ చుట్టూ బిగించుకునే పట్టీలు. ఇక ఆ రోజు నుంచి గేటు దగ్గర నిలబడ్డా ఆయన చూసేది చేతిలోని ఫోనునే.

పట్టీ కథ ఇది. పొద్దున మెలకువ రాగానే, మంచం దిగకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా, దాన్ని బిగించుకుని ఐదు నిమిషాలు కదలకుండా పడుకోవాలి. పట్టీ గుండె చప్పుడు విని మీ ఫోనుకి చెబుతుంది. ఆ పొద్దుటి లెక్కని మీ ఫోను కోచ్ ఫోనుకి మోస్తుంది. గుండె గడియారంలా సమానంగా కొట్టుకుంటే మంచిదని మనమంతా అనుకుంటాం కదా, అక్కడే మనం పప్పులో కాలేశామట. బాగా అలిసిన గుండే, దిగులుపడ్డ గుండే అలా కవాతు చేసినట్టు కొట్టుకుంటుందట. హాయిగా ఉన్న గుండె కొట్టుకునే తీరులో, దెబ్బకీ దెబ్బకీ మధ్య కాస్త ఎక్కువా తక్కువా వ్యవధి ఉంటుందట. ఆ తేడాని ఫోను ఒక అంకెగా చూపించి దానికో రంగేస్తుంది. బాగుంటే ఆకుపచ్చ. తగ్గితే పసుపు. మరీ తగ్గితే ఎరుపు. ఇందులో అబద్ధమేమీ లేదు, సైన్సు నిజమే. కాకపోతే మన కోచ్ దాన్ని తెలుసుకుని ఊరుకోలేదు, నెత్తిన పెట్టుకుని ఊరేగించాడు.

మడమ వాచి కుంటుకుంటూ వచ్చిన హైజంపు కుర్రాడికి "పచ్చ వచ్చింది కదా, ఎగురు" అన్నాడు. ఉత్సాహంతో గంతులేస్తూ వచ్చిన ఇంకొకడిని "ఎరుపు. నువ్వు చాలా నీరసంగా ఉన్నావు, ఇంటికి పో" అని పంపించేశాడు. వాడు నీరసంగా ఉన్నాడని వాడికి అప్పటిదాకా తెలియదు పాపం. క్లబ్బులో అందరూ రంగు కోసమే బతకడం మొదలుపెట్టారు. హర్డిల్స్ పరిగెత్తే ఒకాయన భార్యతో పోట్లాటలన్నీ పట్టీ విప్పాక పెట్టుకునేవాడు. ఆవిడ కూడా అర్థం చేసుకుని, అప్పటిదాకా మాటలు దాచుకుని, విప్పిన చప్పుడు వినగానే అందుకునేది.

ఈ రంగుల గోలలో అందరికన్నా ఎక్కువ చితికిపోయింది పిట్ట.

పిట్ట అన్నది ఇంట్లో నాయనమ్మ పెట్టిన ముద్దుపేరు. క్లబ్బులోనూ అదే స్థిరపడిపోయింది. సన్నగా, పొట్టిగా, బడి రోజుల నుంచీ ఎనిమిది వందల మీటర్ల పరుగే ప్రాణంగా ఉన్న పిల్ల. ఈసారి జాతీయ పోటీలకు వెళ్ళే జట్టులో ఆ పరుగుకి ఉన్నది ఒకే ఒక్క చోటు. దానికోసం పరిగెత్తేవాళ్ళు ఇంకా ఉన్నా, అసలు పోటీ ఇద్దరి మధ్యే. ఒకరు పిట్ట, రెండోది నిచ్చెన. నిచ్చెన మనిషి ఎంత పొడుగో పరుగు అంత పొడుగు. పిట్ట రెండడుగులు వేసే చోట ఆమెది ఒకటే అడుగు. ఇద్దరిలో ఎవరన్నది సెలెక్షన్ పరుగులో తేలాలి. అయితే కోచ్ ఒక కొత్త షరతు పెట్టాడు: ఆ నెలంతా పొద్దుటి రంగు బాగున్నవాళ్ళకే సెలెక్షన్లో పరిగెత్తే అర్హత.

మొదటి రోజు పిట్టకి ఎరుపొచ్చింది. ఎరుపొచ్చిందన్న బెంగతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిద్ర లేదు కాబట్టి మర్నాడూ ఎరుపే. మూడో రోజు పట్టీ చూస్తేనే గుండె దడదడలాడింది. ఆ దడ విని పట్టీ మళ్ళీ ఎరుపే చూపించింది.

"నేను బాగానే ఉన్నాను సార్. కాళ్ళు ఉరకలేస్తున్నాయి. ఒక్కసారి పరిగెత్తి చూపిస్తాను" అంది పిట్ట గేటు దగ్గర.

"నువ్వు బాగున్నావో లేదో నువ్వెలా చెప్తావమ్మా?" అన్నాడు కోచ్ ఫోన్లోంచి తల ఎత్తకుండా. "ఇంకో రెండు రోజులు ఇలాగే వస్తే ఈ ఏడాదికి మర్చిపో."

ఇంటికొచ్చి పిట్ట పట్టీని మంచం మీద విసిరికొట్టింది. తర్వాత బుద్ధి పెడదారి పట్టింది. ఈ దిక్కుమాలిన పట్టీ ఈ లోకంలో ఎవరినైనా మెచ్చుకుంటుందా అని ఇంట్లో ఒక్కొక్కరికీ కట్టి చూసింది. నాన్న బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చి కట్టుకున్నాడు. ఎరుపు. "అయితే మా డిపోలో ఎవరికీ మీ జట్టులో చోటు లేదన్నమాట" అని నవ్వి స్నానానికి వెళ్ళిపోయాడు. అమ్మకి కడితే, రెండో నిమిషంలోనే "గ్యాస్ కట్టేశానంటావా?" అని లేచి కూర్చుంది. ఎరుపు. ఇక మిగిలింది నాయనమ్మ. డెబ్భై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు, మధ్యాహ్నం నిద్ర తప్పితే ఇల్లు పీకి పందిరేసే రకం. ఊరికే సరదాకి కట్టింది పిట్ట.

ఆకుపచ్చ. అలాంటిలాంటి ఆకుపచ్చ కాదు. అంకె చూసి పిట్ట కళ్ళు నులుముకుంది. క్లబ్బులో ఏ మొనగాడికీ రాని అంకె. కింద సన్నటి అక్షరాల్లో "రీడింగు అసాధారణంగా ఉంది, సరిచూసుకోండి" అని ఏదో ఉంది గానీ, సన్నటి అక్షరాలు చదివేవాళ్ళెవరు?

"ఏమొచ్చిందే?" అంది నాయనమ్మ.

"నాయనమ్మా, నీ గుండె బంగారం!"

"ఆ ముక్క మీ తాతయ్య బతికున్నప్పుడు చెప్పాల్సింది, నమ్మేవాడు కాదు."

మర్నాడు పొద్దున పట్టీ మళ్ళీ నాయనమ్మకే కట్టి, ఒక్క రోజుకే అనుకుంది పిట్ట. ఒక్క పచ్చ వస్తే బెంగ పోతుంది, తర్వాత సొంత గుండె దారికొస్తుంది, అంతే. కానీ ఒకసారి రుచి మరిగాక ఆగేదెవరు? రోజూ పొద్దున్నే నాయనమ్మ ఛాతీకి పట్టీ, పిట్ట చేతిలో ఫోను. ఐదు నిమిషాలు నోరెత్తకుండా పడుకోవడం నాయనమ్మకి పెద్ద శిక్షే. అయినా మనవరాలి కోసం పెదవులు బిగబట్టి, కప్పు వైపు చూస్తూ పడుకునేది. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఎన్నడూ లేదు. నాన్న ఆ ఐదు నిమిషాల్లో హాయిగా పేపరు చదువుకునేవాడు.

క్లబ్బులో పిట్ట దశ తిరిగింది. నోటీసు బోర్డు మీద కోచ్ అంటించిన రంగుల చార్టులో తన పేరు పైకి పాకి పాకి మొదటి వరసలో కూర్చుంది. కోచ్ ఆనందం పట్టలేకపోయాడు. "ఇంతటి గుండెని నా సర్వీసులో చూడలేదు" అని క్లబ్బు ప్రెసిడెంటుకి చెప్పాడు. ప్రెసిడెంటు పరుపుల దుకాణం యజమాని. ఆయన ఆ మాటని పత్రిక వాళ్ళకి చెప్పాడు. ఒక రోజు అందరినీ కూర్చోబెట్టి కోచ్ పిట్టని అడిగాడు.

"నీ దినచర్య చెప్పమ్మా. వీళ్ళంతా నేర్చుకోవాలి."

ఏం చెప్పాలో తోచక పిట్ట నాయనమ్మ దినచర్యే చెప్పేసింది. లేవగానే గోరువెచ్చటి నీళ్ళు. భోజనం కాగానే రెండు గంటల నిద్ర. చీకటి పడేలోపే రాత్రి తిండి. ఆ తర్వాత టీవీ ముందు కూర్చుని వార్తలు చదివేవాళ్ళని తిట్టడం.

"తిట్టడమా?" అన్నాడు కోచ్ రాసుకుంటూ.

"అవును సార్. గట్టిగా."

"మనసులో ఒత్తిడి బయటికి పోతుంది. అద్భుతం!"

మర్నాటి నుంచి క్లబ్బంతా మధ్యాహ్నాలు చాపలు పరుచుకుని గుర్రు పెట్టింది. షాట్‌పుట్ విసిరే భారీ మనుషులు సాయంత్రాలు టీవీ ముందు కూర్చుని, అలవాటు లేని తిట్లు మొహమాటంగా తిట్టడం మొదలుపెట్టారు. కొందరి అంకెలు నిజంగానే పెరిగాయి కూడా. మధ్యాహ్నం నిద్ర ఎవరికి మాత్రం చెడ్డది?

పిట్టకి మాత్రం ఆ నిద్ర దక్కలేదు. "ఈ గుండెకి ఇంకో నాలుగు రౌండ్లు ఓ లెక్కా?" అని కోచ్ ఆమె కసరత్తు పెంచుకుంటూ పోయాడు. నాయనమ్మ గుండె సంపాదించిన మెప్పుకి పిట్ట కాళ్ళు కూలి చేశాయి. రాత్రికి పిక్కలు పట్టేసి మెట్లు ఎక్కలేకపోయేది. "అలిసిపోయాను సార్" అంటే, "ఎందుకమ్మా అబద్ధాలు? ఇదిగో పచ్చ" అని ఫోను చూపించేవాడు. మనిషిని నిలబెట్టుకుని ఫోనుని నమ్ముతాడేంటి ఈయన అని పిట్ట లోలోపల పళ్ళు నూరుకునేది.

వాళ్ళ ఫ్లాటు నాలుగో అంతస్తులో. లిఫ్టు ఉంది గానీ నడవదు. ఒక సాయంత్రం పిట్ట ప్రాక్టీసు నుంచి వస్తుంటే, రెండో అంతస్తు మెట్ల మీద నాయనమ్మ కూర్చుని ఉంది. పక్కన కూరల సంచి. మొహం పాలిపోయి, నుదుటి మీద చెమట.

"ఏంటి నాయనమ్మా, ఇక్కడ కూర్చున్నావు?"

"గుండెల్లో ఏదో ఎగిరెగిరి పడుతోందే. దడదడమంటుంది, కాసేపటికి ఆగిపోయినట్టవుతుంది. ఊపిరి అందట్లేదు. నాలుగు రోజుల నుంచీ ఇంతే."

పిట్ట నవ్వింది. జేబులోంచి ఫోను తీసి నాయనమ్మ కళ్ళ ముందు పెట్టింది. "ఇదిగో చూడు. ఇవాళ పొద్దున కూడా పచ్చే. మొత్తం క్లబ్బులో నీ గుండే ఫస్టు. నీకేం కాలేదు. గ్యాసై ఉంటుంది."

నాయనమ్మ ఫోను వంక చూసింది. తర్వాత మనవరాలి వంక చూసింది. "పచ్చేగా? అయితే సర్లే" అని కమ్మీ పట్టుకుని లేచింది. ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. పైగా ఎవరికీ చెప్పొద్దని పిట్ట మరీ మరీ చెప్పినా, పక్క ఫ్లాటు ఆవిడతో "మా ఇంట్లో ఒకరి గుండె గురించి పేపర్లో పడిందమ్మా" అనేదాకా వెళ్ళి నాలిక్కరుచుకుంది.

సెలెక్షన్ రోజు రానే వచ్చింది. కోచ్ ఆ రోజు ఒక గుండె డాక్టరుని వెంటబెట్టుకొచ్చాడు, తన చార్టు చూపించి శభాష్ అనిపించుకుందామని. గ్యాలరీ కింద ఉన్న ఇరుకు గదిలో, విరిగిన హర్డిల్స్ పక్కన, డాక్టరు కుర్చీలో కూర్చున్నాడు. పిట్టని పిలిపించారు. బూట్ల లేసులు కట్టుకుంటూనే వచ్చింది.

"ఇదిగో సార్, నేను చెప్పిన గుండె ఈ అమ్మాయిదే" అన్నాడు కోచ్ పెళ్ళికూతుర్ని చూపించినట్టు.

డాక్టరు అంకె చూడలేదు. "ఒక్కొక్క దెబ్బా ఎప్పుడు పడిందో ఉంటుంది కదా, అది తీయండి" అన్నాడు. కోచ్‌కి అది ఎక్కడుంటుందో తెలియదు. డాక్టరే ఫోను తీసుకుని వెతికి తెరిచాడు. వేలితో జరుపుతూ పోయాడు. వెనక్కి వెళ్ళి మళ్ళీ చూశాడు. మొహంలో నవ్వు పోయింది.

"ఇది హాయిగా ఉన్న గుండె కాదు" అన్నాడు. "హాయిగా ఉన్న గుండెలో తేడాలున్నా ఊపిరితో పాటు ఒక వరస ఉంటుంది. దీనికి వరసే లేదు. పూర్తిగా లయ తప్పింది. ఫోనుకి తేడా ఎంతుందో తెలుసు గానీ ఎందుకుందో తెలియదు కదా. ఇలాంటప్పుడు గుండె పై గదులు సరిగ్గా కొట్టుకోవు, వణుకుతాయి. రక్తం అక్కడ నిలిచి గడ్డకట్టొచ్చు. ఆ గడ్డ తలకెళ్తే పక్షవాతం. ఈ మనిషి పరిగెత్తడం మాట దేవుడెరుగు, మెట్లెక్కినా ఆయాసం వస్తూ ఉండాలే?"

పిట్ట చేతిలోని లేసు జారిపోయింది.

డాక్టరు పిట్ట మణికట్టు పట్టుకుని చూశాడు. "ఇప్పుడు బాగానే ఉందే" అన్నాడు ఆశ్చర్యంగా.

కోచ్‌కి ప్రాణం లేచొచ్చింది. "చూశారా! పట్టీ తడపకుండా కట్టుకుంటే ఒంటికి సరిగ్గా అంటదు, అలా పిచ్చి గీతలు వస్తాయి సార్. కదమ్మా పిట్టా? పట్టీ తడపలేదు కదూ నువ్వు?"

బయట మైకులో ఎనిమిది వందల మీటర్ల వాళ్ళని లైను దగ్గరికి రమ్మని పిలుస్తున్నారు. "పట్టీ పొరపాటైతే గొడవే లేదు, వెళ్ళి పరిగెత్తొచ్చు" అన్నాడు డాక్టరు. "చెప్పమ్మా. అంతేనా?"

తల ఊపితే చాలు. నోరు తెరిచి అబద్ధం చెప్పాల్సిన పని కూడా లేదు, కోచ్ వండి వడ్డించేశాడు. పరుగెంతసేపు, రెండు నిమిషాలు. అది కాగానే ఇంటికి పరిగెత్తొచ్చు, నాన్నకి చెప్పొచ్చు, ఆసుపత్రికి తీసుకెళ్ళొచ్చు. ఇన్ని రోజులు ఓర్చుకున్న గుండె ఇంకో రెండు నిమిషాలు ఓర్చుకోదా? ఇదంతా పిట్ట అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. మెట్ల మీద చెమట పట్టిన ఆ మొహం, తన వంక చూసి "పచ్చేగా?" అన్న ఆ మొహం కళ్ళ ముందు నుంచి కదల్లేదు.

"అది నా గుండె కాదు సార్" అంది. "మా నాయనమ్మది."

బయట మైకు రెండోసారి పిలిచింది.

"నాయనమ్మా?" అన్నాడు కోచ్. "అంటే, ఆ గోరువెచ్చటి నీళ్ళు..."

"నాయనమ్మవే సార్."

"టీవీ తిట్టడం?"

"అదీ ఆవిడే."

కోచ్ విరిగిన హర్డిల్ మీద కూలబడ్డాడు. డాక్టరు అప్పటికే జేబులోంచి కారు తాళాలు తీశాడు. "ఆవిడ ఇప్పుడెక్కడ?"

ఇంటికి ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. కారు స్టేడియం గేటు దాటుతుండగా వెనక తుపాకీ పేలింది. పరుగు మొదలైందన్నమాట. పిట్ట వెనక్కి తిరిగి చూడలేదు. చూడాలని మాత్రం చచ్చేంత అనిపించింది.

నాయనమ్మ వంటింట్లో కుర్చీలో ఒరిగి కూర్చుని ఉంది. గుండె మీద చెయ్యి. ఎదురుగా బల్ల మీదే ఫోను.

"ఫోను తీయలేదేంటి నాయనమ్మా?"

"లేచి అందుకునే ఓపిక లేకపోయిందే. నువ్వేంటి ఇక్కడ? నీ పరుగు?"

"అయిపోయింది." నాయనమ్మ కాళ్ళ దగ్గర కూలబడి పిట్ట ఏడ్చేసింది. "ఇంత బాధగా ఉంటే నాకు చెప్పొద్దా?"

"చెప్పానుగా, మెట్ల మీద. పచ్చేనన్నావు." ఊపిరి కోసం ఆగింది నాయనమ్మ. "పచ్చ కాదేమోనని నాకూ అనిపించింది. మళ్ళీ చెబితే నీ పరుగు పోతుందేమోనని ఊరుకున్నాను."

ఆసుపత్రికి సమయానికి చేర్చారు. గడ్డ ఇంకా కట్టలేదన్నారు. రక్తం పలచబడే మందూ, లయ కుదిరే మందూ మొదలుపెట్టారు. క్లబ్బు కమిటీ అత్యవసరంగా కూర్చుంది. పేపర్లో పడిన గుండె నాయనమ్మదని ఒప్పుకుంటే పరువు పోతుంది కాబట్టి, "సాంకేతిక కారణాల వల్ల" పిట్టని ఏడాది పాటు పక్కన పెట్టింది. జట్టులో చోటు నిచ్చెనకి వెళ్ళింది. ఆమె గెలిచే వెళ్ళింది, అందులో ఎవరికీ పేచీ లేదు. నోటీసు బోర్డు మీద మొదటి వరసకి ఒక తెల్లకాగితం అంటించారు. మధ్యాహ్నం నిద్రలు మాత్రం మానలేదు.

రెండు రోజుల తర్వాత కోచ్ ఆసుపత్రికి వచ్చాడు. చేతిలో పళ్ళ సంచి. తిట్టాలని వచ్చాడో, పలకరించాలని వచ్చాడో ఆయనకే తెలిసినట్టు లేదు. నాయనమ్మ మంచం పక్కన తెర మీద ఆకుపచ్చ గీత ఎగురుతూ పోతోంది. కోచ్ గుమ్మంలోంచే దాన్ని చూశాడు. సంచి పట్టుకునే నిలబడిపోయి, గీత వంక, అంకెల వంక, మళ్ళీ గీత వంక చూస్తూ ఉండిపోయాడు.

"ఏం బాబూ" అంది నాయనమ్మ, "అటు చూస్తావేంటి? మనిషిని ఇక్కడున్నాను."

కోచ్ ఉలిక్కిపడి ఇటు తిరిగాడు. నాయనమ్మ మొహంలోకి చూశాడు. కాసేపు చూశాడు. గేటు దగ్గర నిలబడి చూసే పాత చూపు ఎక్కడినుంచో మెల్లగా తిరిగొచ్చింది.

"మీరు రాత్రి నిద్రపోలేదండీ" అన్నాడు.

"ఎలా పోతాను? పక్క మంచం ఆవిడ గురక పెడితే గోడలు అదురుతున్నాయి."

కోచ్ పిట్ట వైపు తిరిగాడు. ఎన్నాళ్ళకో ఆమె మొహం చూశాడు. "నువ్వూ పోలేదు" అన్నాడు. సంచి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

తెర మీద గీత పచ్చగా ఎగురుతూనే ఉంది. పిట్ట దానికి వీపు పెట్టి, కుర్చీ మంచం దగ్గరికి జరుపుకుంది.

"ఎలా ఉంది నాయనమ్మా?"

"నిజంగా అడుగుతున్నావా?"

"నిజంగానే."

నాయనమ్మ దిండు సర్దుకుని, గొంతు సవరించుకుని, మోకాళ్ళ దగ్గర మొదలుపెట్టింది. గుండె దాకా రావడానికి చాలాసేపు పట్టేలా ఉంది. పిట్ట ఫోను తీసి సంచిలో పడేసి, వినడానికి కూర్చుంది.